పద్దెనిమిది పేర్ల కోసం పట్టిన పంతం

1991వ సంవత్సరం జులై నెల ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం, సత్తెనపల్లిలోని మన గలిలయ బాలికోన్నత పాఠశాలలో శ్రీమతి నల్లపు దేవకుమారి గారు సంగీతోపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. ఒక చేతిలో నియామక పత్రం, మరో చేతిలో తండ్రిగారి పాత హార్మోనియం. ఆనాటి ప్రధానోపాధ్యాయులు ఆ పెట్టెను ఎగాదిగా చూసి, "ఇదెక్కడ పెడతావమ్మా? పిల్లలకే బెంచీలు చాలట్లేదు" అన్నారట. "దాని పక్కనే నేనూ నేల మీద కూర్చుంటానండి. మా ఇద్దరికీ కలిపి మూరెడు చోటు చాలు" అని ఆవిడ జవాబు. ఈ ఏప్రిల్ ముప్పయ్యో తేదీన పదవీ విరమణ చేయనున్న ఆ విదుషీమణి ముప్పై నాలుగు సంవత్సరాల పైచిలుకు సేవాకాలంలో చోటు కోసం ఎవరినీ బతిమాలలేదు. చోటు ఇవ్వనివారిని ఊరికే వదలనూ లేదు.

చీరాలలో మగ్గం నేస్తూ, ఆదివారం గుడిలో హార్మోనియం వాయించే జోసఫ్ గారి ద్వితీయ పుత్రిక ఆవిడ. అ ఆలు దిద్దకముందే కీర్తనను నాలుగు గొంతులుగా విడదీసి పాడటం తండ్రి నేర్పారు. గోడకు కట్టిన అట్ట మీద డొ రె మి అక్షరాలు వరసగా రాసి, ఏ వరస ఎవరిదో వేలితో చూపించి పాడించే మిషను గుడుల పద్ధతి అది. గురువర్యులైన ఆ తండ్రి చెప్పిన మాట ఒకటి ఆవిడ మాతో అనేకసార్లు అన్నారు: గుంపులో పాడేవాడి గొంతు గుంపులో కలవాలి గానీ, మనిషి కలిసిపోకూడదు. ఆ మాటను ముప్పై ఏళ్ల పాటు మేము సంగీత పాఠమనే అనుకున్నాం.

1998లో పదో తరగతి ఉత్తీర్ణతా శాతం పడిపోయిందన్న నెపంతో సంగీతం పీరియడును లెక్కల మాస్టారికి అప్పగించారు. దేవకుమారి గారు వాదించలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్న విరామంలో వరండాలో పిల్లలను నిలబెట్టి పాడించసాగారు. లెక్కల తరగతిలోని పిల్లలు కిటికీలోంచి వారితో కలిసి పాడసాగారు. పదిహేను రోజులు ఓర్చుకున్న లెక్కల మాస్టారు స్వయంగా వెళ్లి, "అమ్మా, మీ పీరియడు మీరు తీసుకుని నన్ను బతికించండి" అని మొరపెట్టుకున్నారు. ఉత్తర్వులు రద్దయిన కథలు ఎన్నో విన్నాం కానీ, పాటతో రద్దయిన ఉత్తర్వు మా ఎరుకలో అదొక్కటే.

2006లో ఆవిడ దృష్టి బడి గోడ దాటింది. మిర్చి సీజనులో తొడిమలు తీసే, తాలుకాయలు ఏరే స్త్రీలు సాయంత్రం అయిదు గంటలకు పని ముగించుకుని వెళ్తుంటే, వారిని మన మిషను గుడిలోకి పిలిచి పాట నేర్పడం మొదలుపెట్టారు. గొంతుల ఎంపికకు ఆవిడ పరీక్షలు పెట్టలేదు. ఒకనాడు బస్టాండులో ఒక స్త్రీ, "ఒరేయ్ కండక్టరూ, ఎక్కేది మనుషుల్రా, మిర్చి టిక్కీ బస్తాలు కాదు! ఆపరా బస్సు!" అని గర్జిస్తే ఊరి బస్సులన్నీ ఆగాయి. ఆవిడే సుబ్బరావమ్మ. "మగవాళ్ల వరస పాడగల ఆడగొంతు ఇన్నాళ్లకు దొరికింది మాస్టారూ" అంటూ దేవకుమారి గారు మర్నాడు స్టాఫ్ రూములో పండుగ చేసుకున్నారు. సుబ్బరావమ్మ కూతురు కోటేశ్వరి, పక్క వీధి యాస్మిన్, ఇంకా ఇంకా కలిసి పద్దెనిమిది మంది అయ్యారు. మిర్చి ఘాటుకు దగ్గే ఆ గొంతులకు ముందు ఉప్పునీళ్లు పుక్కిలించడం, ఆ తర్వాతే స్వరం. తాలుకాయను కంటితో పట్టేవారికి తప్పు స్వరాన్ని చెవితో పట్టడం ఎంతసేపు? ఆరు నెలల్లో వారు ఒకరి తప్పు ఒకరు పట్టుకుని పోట్లాడుకునే స్థాయికి ఎదిగారు.

2023 చివర 'విజయపురి' అనే భారీ చారిత్రక చలనచిత్రానికి సంగీతం సమకూరుస్తున్న దర్శకుని సహాయకుడు వాసిం మన ఊరు వచ్చారు. కృష్ణాతీరంలో రాణులు, సామాన్య స్త్రీలు కూడా దానాలు చేసి, శిలాస్తంభాల మీద తమ పేర్లు చెక్కించుకున్న కాలపు కథ అది. యుద్ధభూమిలో బిడ్డలను వెతుక్కునే తల్లుల పాటకు నగరపు స్టూడియో గొంతులు నున్నగా ఉన్నాయని, కాస్త గరుకు కావాలని ఆయన వెతుకుతున్నారు. మన వాళ్ల పాట విని అక్కడే గుడి మెట్ల మీద కూర్చుండిపోయారు. యూరప్‌లో ఎనభై మంది వాద్యకారులు వాయించిన ఆర్కెస్ట్రా అప్పటికే సిద్ధం. దాని మీద మన వారి గానం ఎక్కాలి. వచ్చిన పాశ్చాత్య స్వరలిపి కాగితాలను దేవకుమారి గారు రెండు వారాలు కూర్చుని డొ రె మి అక్షరాల్లోకి మార్చి, అట్టల మీద రాసి గోడలకు కట్టారు. గొంతులు తేటపడాలని పద్దెనిమిది మందీ సీజనులో నాలుగు రోజుల కూలి వదులుకుని మిర్చి దరిదాపులకు పోలేదు.

2024 జనవరిలో, ఆదివారం ఆరాధన ముగిశాక, ఆ నూరేళ్ల గుడిలోనే రికార్డింగు జరిగింది. ఆర్కెస్ట్రా వినిపించే హెడ్‌ఫోన్ ఒక్క దేవకుమారి గారికే. మిగిలినవారికి ఆవిడ చేయే ఆర్కెస్ట్రా. పాట అద్భుతంగా సాగి, చివరి స్వరం గోడలకు తగిలి తిరుగుతోంది. గుడి ప్రతిధ్వని పూర్తిగా అణిగేవరకు ఎవరూ కిక్కురుమనకూడదని వాసిం పదిసార్లు చెప్పారు. అయితే మన గుడిలో ఏ కీర్తనైనా ఆమేన్‌తో ముగియవలసిందే. ఆవిడ అరచేయి కిందికి దిగితే అది ఆమేన్‌కు సైగ. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ చేయి దిగింది. దిగగానే పద్దెనిమిది మందీ నాలుగు వరసల్లో, నిండుగా, "ఆ... మేన్" అన్నారు.

"మేడం! ఇది స్కోరులో లేదండీ!" అని వాసిం తల పట్టుకున్నారు.

దేవకుమారి గారు నాలుక కరుచుకున్నారు. "తప్పు నాదే బాబూ, నా చెయ్యి నా మాట వినలా" అన్నారు. యాస్మిన్‌ను చూసి కోటేశ్వరి, "నువ్వూ అన్నావేంటే?" అని కిసుక్కున నవ్వింది. "మా ఇంట్లోనూ అదే అంటార్లే, నాకేం కొత్తా?" అని యాస్మిన్ జవాబు. మళ్లీ పాడదామని అందరూ గొంతు సవరించుకునేలోగా, ఫోనులో వింటున్న సంగీత దర్శకుడు మాత్రం, "ముట్టుకోవద్దు. ఆ చివరిది అలాగే ఉంచండి" అన్నారు.

ఆ ఏడు ఆగస్టులో ఆల్బం విడుదలైంది. ఇరవై నాలుగు ఖండికలలో ఏడోదైన తల్లుల పాట జనం నోళ్లలో నానింది. చివర ఆ ఆమేన్ దగ్గర ఒళ్లు జలదరించిందని ఎక్కడెక్కడివారో రాశారు. స్టాఫ్ రూములో కంప్యూటరు మీద ఆల్బం వివరాలు తెరిచి చూశాం. ఎనభై మంది వాద్యకారుల పేర్లూ ఉన్నాయి. ఇరవై నాలుగు ఖండికల్లోనూ కలిపి ఇనుప త్రిభుజం మీద ఒక్క దెబ్బ కొట్టినాయన పేరు, ఊరు కూడా ఉన్నాయి. మన వారి గురించి ఒకే ముక్క: అదనపు గాత్రాలు. రాళ్ల మీద ఆడవాళ్ల పేర్లు చెక్కిన కాలాన్ని కీర్తించే సంగీతం మీద ఆ సంగీతం పాడిన ఆడవాళ్ల పేర్లు లేవు! సిగ్గుపడవలసినవారు సిగ్గుపడలేదు గనుక ఆ సిగ్గు మేమే పడ్డాం. సుబ్బరావమ్మ బడికి వచ్చి, "నా పేరు యాడుందో చూపించు టీచరమ్మా, మనవరాలికి చూపిస్తా" అని అడిగింది. దేవకుమారి గారు ఆ పూట అన్నం తినలేదు.

మరుసటి వేసవిలో ఆ ఆల్బంను గ్రామఫోను రికార్డుగా విదేశాల్లోనూ విడుదల చేయడానికి ఆడియో సంస్థవారు పూనుకున్నారు. అందుకు పాడిన ప్రతివారి సంతకమూ కావలసి వచ్చింది. సంస్థ తరఫున శ్రీరమ్య అనే మర్యాదస్తురాలు ఫోను చేశారు.

"స్పేస్ ప్రాబ్లం మేడం. 'దేవకుమారి అండ్ గ్రూప్' అని వేస్తామండి. మీ పేరు పెద్దక్షరాల్లో."

"మా వాళ్లల్లో గ్రూప్ అనే ఆవిడ ఎవరూ లేరమ్మా. పద్దెనిమిది మందికీ అమ్మానాన్నలు పేర్లు పెట్టారు."

"అన్ని పేర్లంటే అట్ట మీద పట్టవండీ..."

"ఇనప ముక్క కొట్టినాయనకు పట్టిందిగా తల్లీ. పేర్లు వేస్తే సంతకాలు వస్తాయి. లేకపోతే నీ కాగితాలు నీ దగ్గరే ఉంచుకో."

తర్వాత సంస్థ పెద్దలెవరో మాట్లాడారు. ఆ గొంతులు నగరపు కోరస్‌వి కావని రుజువేమిటని గద్దించారు. "చివర్న ఆమేన్ మీ స్కోరులో ఏ పేజీలో ఉందో చూపించండి. నేనే క్షమాపణ రాసిస్తా" అన్నారు దేవకుమారి గారు. అటువైపు ఫోను పెట్టేశారు.

ఇక్కడొక సంగతి ఉంది. దాన్ని ఈ బడి సంచికలో రాయవద్దని కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. వారి మీద గౌరవంతోనే రాస్తున్నాం. ఎవరి ద్వారా ఎవరికి మాట చేరిందో గానీ, మన యాజమాన్యం నుంచి ఆవిడకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా బయటి కార్యక్రమాల్లో పాల్గొన్నందుకు సంజాయిషీ ఇవ్వాలట. లేనిచో విరమణ ప్రయోజనాలపై ప్రభావం ఉండవచ్చునట. విరమణకు పది నెలలే గడువు. ఈ పంక్తులు రాస్తున్న తెలుగు పండితుడు దీర్ఘ సమాసాలతో మూడు పేజీల వినయపూర్వక సమాధానం రాసి ఇచ్చాడు. ఆవిడ చదివి, "బాగుంది మాస్టారూ, దీన్ని పిల్లలకు పాఠంగా చెప్పండి" అని తిరిగిచ్చి, తన జవాబు తానే రాశారు: "సంగీతం నేర్పమని నన్ను నియమించారు. నేర్పాను. నేర్చుకున్నవారు పాడారు. పాడినవారి పేర్లు అడుగుతున్నాను. ఇందులో ఏది నేరమో రాతపూర్వకంగా తెలుపగోరుతున్నాను." ఈనాటికీ ఎవరూ తెలుపలేదు. స్టాఫ్ రూములో ఇరవై ఇద్దరమూ ఆ జవాబు కింద సంతకాలు చేశాం, లెక్కల మాస్టారితో సహా.

ఆగస్టులో సుబ్బరావమ్మ ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూసింది. సమాధి కార్యక్రమంలో మగవాళ్ల వరస ఖాళీగా ఉండిపోయి, పాట కుంటింది. నెల తిరగకముందే సంస్థవారు దిగివచ్చారు. పేర్లు వేస్తామన్నారు, అయితే పదిహేడు. చనిపోయినవారి సంతకం ఉండదు గనుక పేరూ ఉండదట. "ఆవిడ గొంతు తీసేసి అమ్ముతారా మరి? తీసేసి వినిపించండి చూద్దాం" అని దేవకుమారి గారు నిలదీశారు. కూతురిగా కోటేశ్వరి సంతకం చాలునని ఒప్పించేవరకు రెండు నెలలు పట్టింది.

నవంబరులో ఆఖరి ఉత్తరం వచ్చింది. ఒప్పందం ప్రకారం ఆల్బంలో చేయి ఊపి సంగీతాన్ని నడిపిన నిర్వాహకుడిగా ఒక్కరి పేరే ఉండాలి, అది విదేశీ ఆర్కెస్ట్రా నిర్వాహకునిది. కనుక రెండింటిలో ఒకటి కోరుకోవాలి: 'దేవకుమారి మరియు బృందం' అన్న ఒక్క పంక్తి, లేదా ఆవిడ పేరు లేకుండా పద్దెనిమిది పేర్లు. మధ్యాహ్న విరామంలో ఆవిడ దాన్ని చదివి, తెలుగు పండితుని జేబులోంచి కలం లాక్కుని సంతకం పెట్టేశారు.

"అదేంటమ్మా, మీ పేరేదీ?" అని ఆ పండితుడు గావుకేక పెట్టాడు.

"అడిగింది పద్దెనిమిది మాస్టారూ. పద్దెనిమిదీ ఇచ్చారు. ఇంకా బేరమెందుకు? పాడింది వాళ్లు, నేను చెయ్యి ఊపాను, అంతే" అని ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీశారు.

డిసెంబరులో రికార్డు వచ్చింది. అట్ట మీది ఇంగ్లీషు అక్షరాల కింద దేవకుమారి గారు పెన్సిలుతో తెలుగులో పేర్లు రాసి, గుడిలో ఒక్కొక్కరి చేత వారి వారి పేరు చదివించారు. తల్లి పేరు కోటేశ్వరి చదివింది. అందరూ చదవడం అయ్యాక యాస్మిన్ అట్టను వెనక్కీ ముందుకూ తిప్పి, "మరి నీదేది టీచరమ్మా?" అంది. ఆవిడ వినిపించుకోనట్టు హార్మోనియం మూత వేయబోయారు. మూతకు అక్కడున్న పదిహేడు మందిలో ఎవరి చెయ్యి అడ్డుపడిందో తెలియదు గానీ, ఆ మూత మాత్రం పడలేదు. ఆవిడ ఏడ్చారు.

ఈ సంచికలో, రికార్డు మీద లేని తన పేరు ప్రస్తావన వద్దని దేవకుమారి గారు మమ్మల్ని కోరారు. ముప్పై నాలుగేళ్లుగా ఆవిడ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఈ ఒక్కసారి వినం. మా సంచికకు ఏ సంస్థ అనుమతీ, ఏ ఒప్పందమూ అక్కర్లేదు. అందుచేత ఇక్కడ, మాకున్న అక్షరాల్లో అన్నిటికంటే పెద్దవాటితో, ఇలా అచ్చు వేయిస్తున్నాం:

'విజయపురి', ఏడవ ఖండిక, తల్లుల పాట. గాన నిర్వహణ: శ్రీమతి నల్లపు దేవకుమారి, సత్తెనపల్లి.

అమ్మా, మీ మోకాళ్లు గుడి మెట్లెక్కడానికి మొరాయించకూడదని, ఆ కుడిచేయి ఎత్తినప్పుడల్లా నొప్పి లేకుండా లేవాలని, మీ ఇంటివారితో, మీ పద్దెనిమిది ఇళ్లవారితో మీరు చల్లగా నూరేళ్లూ దాటి ఉండాలని, ఇలా మీ పేరు వేసినందుకు రేపు మాతో గట్టిగా పోట్లాడాలని మనసారా కోరుకుంటున్నాం. మీరెంత పోట్లాడినా ఆ పంక్తి మాత్రం తీసెయ్యం.

— చిట్టిమళ్ల యలమంద,
తెలుగు పండితులు, స్టాఫ్ రూం తరఫున