కుదించమంటారా?

చిపాటా ఊళ్ళో వేరుశనగ రైతుల సంఘం ఆఫీసు. నవంబరు తొలివానలు, పొద్దున పది గంటలు. గుమస్తా జెలిపా ఎంగోనీల ఆడపడుచు, కంప్యూటర్లు బాగుచేసే చిషింబ బెంబాల మనిషి. ఈ రెండు తెగలవాళ్ళూ ఎదురుపడి ఒకరినొకరు ఎగతాళి చేసుకోలేదంటే, ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఎంగోనీలు ఎలకలు తింటారని బెంబాలూ, బెంబాలు కోతులు తింటారని ఎంగోనీలూ ఏడిపించుకుంటారు.

“అయితే రోజూ అడుగుతోందంటావు, జెలిపా.”

“రోజూ. పొద్దున్నే కంప్యూటర్లో ఉత్తరాల పెట్టె తెరవగానే. ‘ఫోల్డర్లు కుదించమంటారా? మూడు జీబీల చోటు మిగులుతుంది’ అని. అత్తగారి సాధింపులా.”

“నువ్వేమంటావు?”

“‘తర్వాత’ అని నొక్కుతాను.”

“రోజూ?”

“రోజూ.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏడేళ్ళు కావొస్తోందేమో. నన్ను నిలదీయడం కాదు, ముందు నువ్వు చెప్పు. ఎనిమిదింటికి రమ్మంటే పదింటికి వచ్చావేం?”

“వాన.”

“వాన ఆరింటికే తగ్గింది.”

“ఇంటి దగ్గర చిన్న పని పడింది.”

“ఏం పనయ్యా అది? ఆ బూట్లకి ఆ బురదేంటి, ఆ వాసనేంటి? కాస్త అవతలికి జరిగి కూర్చో. పేడలో పొర్లి వచ్చినట్టున్నావు.”

“మా ఇంటి పక్కన పశువుల కొట్టం ఉందిలే. ఇది చూడనీ. ఊఁ... పెట్టె నిండిపోయింది, జెలిపా. ఇక ఒక్క కొత్త ఉత్తరం కూడా పట్టదు. మొన్నటి నుంచీ ఏమీ రావడం లేదు కదూ?”

“ఒక్కటీ రాలేదు. సరుకు కొనే లుసాకా వాళ్ళు లారీ ఎప్పుడు పంపేదీ ఇవాళ మధ్యాహ్నంలోపు రాస్తామన్నారు. ఆ ఉత్తరం అందకపోతే గోదాంలో నాలుగొందల బస్తాలకి బూజు పడుతుంది. మా అధ్యక్షురాలు నన్ను పల్లీల్లా దంచుతుంది.”

“శుభ్రంగా ‘సరే’ అని నొక్కితే పోయేదానికి నన్ను పిలిచావా? ఇదిగో, ఒక్క నొక్కు...”

“ఆగు! చెయ్యి తియ్యి!”

“అబ్బా! వేలు విరుగుతుందే! ఎలకని పట్టినట్టు పట్టావు.”

“ఎలకైతే ఈపాటికి వేయించేసేదాన్ని. నొక్కకు.”

“అసలు అదేం అడుగుతోందో తెలుసా నీకు?”

“తెలుసు.”

“ఏదీ, చెప్పు.”

“కొట్టేసిన ఉత్తరం నిజానికి ఎక్కడికీ పోదు. దాని నెత్తిన ఒక గుర్తు పడుతుంది, అంతే. నా కంటికి కనపడదు, కానీ ఫైల్లో అక్కడే పడి ఉంటుంది. ‘కుదించు’ అన్నాకే దాన్ని తీసి అవతల పారేస్తుంది. ఆ తర్వాత ఇక దేవుడొచ్చినా దొరకదు.”

“భేష్. ఎవరు చెప్పారు?”

“నువ్వే. ఇదే కుర్చీలో కూర్చుని. ‘చచ్చింది కానీ ఇంకా పాతిపెట్టలేదన్నమాట’ అని కూడా అన్నావు. ఆ రోజు నుంచే ‘తర్వాత’ నొక్కుతున్నా.”

“అందరికీ అదే చెబుతాను. విన్నవాళ్ళు ‘అమ్మో, ఇంత చెత్తా’ అని ఊడ్చేసుకుంటారు. నువ్వు విని ఊడ్చడం మానేశావా! మూడు జీబీల పీనుగులు, జెలిపా. ఇంట్లో పెట్టుకుని, వాటి మీద కూర్చుని టైపు కొడుతున్నావు.”

“మా ఇంట్లో చావొస్తే గొయ్యి తవ్వాల్సింది మీ బెంబాలే కదా. నన్నంటావేం?”

“తవ్వబోతే చెయ్యి విరిచింది నువ్వే కదమ్మా. ఇంతకీ ఏముంది అందులో?”

“ఏముంటుంది? ఎరువుల ధరలు.”

“ఎరువుల ధరలకేనా నా వేలు విరిచావు?”

“వంటలు కూడా ఉన్నాయి.”

“ఎలకల వేపుడా?”

“కోతుల పులుసు. మీ వాళ్ళు పంపిందే.”

“చెప్తావా, నొక్కనా? ఒకటి... రెండు...”

“ఉండు! చెప్తా. ఒక ఉత్తరం ఉంది. తొందరపడి నేనే కొట్టేశా. దాన్ని ఒక్కసారి చూడాలి. చూశాక నీ ఇష్టం, ఊడ్చుకుంటావో పాతిపెట్టుకుంటావో.”

“అంతేనా? ఈ మాత్రానికి ఏడేళ్ళా? అప్పుడే అడిగితే పది నిమిషాల్లో లేపి కూర్చోబెట్టేవాణ్ణి.”

“అడగాలనిపించలేదు.”

“ఎందుకని?”

“ఈ ఊళ్ళో ఆ పని తెలిసినవాడివి నువ్వొక్కడివే కాబట్టి.”

“అదేం జవాబు? ...ఓహో! ఓహోహో! ప్రేమలేఖా?”

“నోరు ముయ్యి.”

“ప్రేమలేఖే! సంఘం కంప్యూటర్లో! ఎవరమ్మా ఆ మహానుభావుడు? కటేటె నుంచి బస్తాలు తోలే ఆ బట్టతల డ్రైవరా? ఏ కలుగులో ఎలక రాసింది?”

“ఎలక కాదు. కోతి.”

“ఏంటీ?”

“కోతులు తినేవాడు రాశాడు. వినపడిందా? మా తొలిపంట పండగ, ఎన్‌చ్వాలా వారంలో. ఏమయ్యా, కొమ్మ మీంచి జారినట్టు అలా అయిపోయావేం?”

“కుదించేద్దాం, జెలిపా.”

“ఇప్పుడే కదా లేపి కూర్చోబెడతానన్నావు?”

“పాతవి తవ్వుకోవడం ఎందుకు? లుసాకా ఉత్తరం రావాలన్నావు. నాలుగొందల బస్తాలు! నొక్కేస్తా. నిమిషం పట్టదు.”

“చెయ్యి తియ్యమన్నానా?”

“ఫైలు మరీ పెద్దదైపోయింది. లోపలంతా పాడైపోయి ఉంటుంది.”

“నువ్వు పాడవలేదుగా. వెతుకు. నీ పేరు మీద వెతుకు.”

“నా పేరు మీదైతే వందలుంటాయి. రోజూ ఏదో ఒక వేళాకోళం రాసేవాణ్ణిగా.”

“పండగకి రెండు రోజుల ముందుది.”

“దాన్ని నువ్వు చదివేశావుగా. జవాబు కూడా రాశావు.”

“గుర్తుందన్నమాట.”

“ఏదో... లీలగా.”

“సగమే చదివాను.”

“సగమా?”

“‘నోటితో చెబితే నవ్వుతావు, అందుకే రాస్తున్నా, నన్ను పెళ్ళి చేసుకో’ అని ఉంది. నవ్వేశాను. ‘చూడండర్రా, కోతి పిల్లనడుగుతోంది’ అని ఆఫీసంతా వినేట్టు చదివాను. అందరూ కడుపులు పట్టుకున్నారు. ఆ ఊపులోనే నీకు జవాబు రాసి పడేసి, ఉత్తరం కొట్టేశాను. నీ ఉత్తరాలన్నీ అలాగేగా కొట్టేస్తాను? అప్పటికే నన్ను వందసార్లు పెళ్ళామని పిలిచావు. మన వరసలో అలా పిలవకపోతేనే తప్పు.”

“చివరిదాకా చదవలేదా?”

“లేదంటున్నాగా.”

“చివర చదవకుండానే ఆ జవాబు రాశావా, జెలిపా?”

“అవును. ఏముంది చివర?”

“ఏమీ లేదు.”

“ఏమీ లేనివాడి మొహం అలా ఉండదు. ఆ తర్వాత నువ్వేం చేశావో గుర్తుందా? మూడు నెలలు నన్ను ‘మేడమ్’ అన్నావు.”

“అన్నానా?”

“‘గౌరవనీయులైన మేడమ్ గారికి, మీ ప్రింటరు బాగైంది, మనిషిని పంపించగలరు.’ నన్ను! ఎలకా అనలేదు, పెళ్ళామా అనలేదు. ఒక బెంబా మనిషి నన్ను మర్యాదగా పలకరిస్తే ఎలా ఉంటుందో తెలుసా నీకు? ఇంట్లో ఎవరో పోయినట్టుంటుంది. రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. కొంపదీసి ఈ మనిషి నిజంగానే రాశాడా అనుకున్నా. వెతికితే ఉత్తరం లేదు. ఏడ్చినంత పనైంది. ఆ తర్వాత ఒక రోజు నువ్వొచ్చి ఈ కుదింపు సంగతి చెప్పావు. అయితే లోపలే ఉందన్నమాట, ఇంకెక్కడికి పోతుందిలే అని నొక్కడం మానేశా.”

“నన్నే అడగొచ్చుగా?”

“అడిగితే ఏమనేవాడివి?”

“...వేళాకోళమే అనేవాణ్ణి.”

“నేనేమనేదాన్ని?”

“‘నాకు తెలియదేంటి’ అనేదానివి.”

“మరి? మనిద్దరం నోరు తెరిస్తే వేళాకోళం తప్ప ఇంకోటి రాదు. మన తాతలు చేసి పోయిన పని ఇది. కొట్టుకుని, కొట్టుకుని, చివరికి సంధి చేసుకుని, ‘ఇకమీదట ఎవరేమన్నా ఎవరూ పట్టించుకోకూడదు’ అని ఒట్టేసుకున్నారు. నిజం చెప్పాల్సి వస్తే ఎలా చెప్పాలో మాత్రం చెప్పిపోలేదు. ఈ ఏడేళ్ళలో ఇద్దరొచ్చి నన్నడిగారు, తెలుసా?”

“ఎవరు?”

“ఎవరైతే నీకేం?”

“నాకేం లేదు. ఊరికే. ఏమన్నావు?”

“‘తర్వాత’ అన్నా. వెతుకు.”

“...సరే. ముందు ఫైలుకి ఒక నకలు తీసి పెడతా, ఏదైనా తేడా వచ్చినా నష్టం ఉండదు. ఇప్పుడు దీన్ని ఉత్తరాల్లా కాకుండా ఉత్త అక్షరాల్లా తెరుస్తా. పెద్దది కదా, కాస్త టైం పడుతుంది.”

“అందాకా ఈ పల్లీలు తిను, ఇప్పుడే వేయించా. అక్కడే కూర్చుని తిను, దగ్గరికి రాకు. అయినా నాకు తెలియకడుగుతా, బెంబా వాడు పశువుల కొట్టం పక్కన ఎలా కాపురముంటున్నాడయ్యా? మీకు ఆవంటే డబ్బాలో పాలపొడే కదా?”

“ఆ డబ్బా కూడా మేత వేస్తేనే పాలిస్తుంది.”

“గురువారం గురువారం ఫోన్ ఎత్తవేం?”

“సంతకి పోతాను.”

“గురువారం పశువుల సంత కదూ?”

“పశువులే కాదు, టమాటాలూ ఉంటాయి. ఇదిగో... దొరికింది.”

“ఏది? ఏది?”

“ఈ అంకె కనపడుతోందా, ఉత్తరం నెత్తిన? కొట్టేసినట్టు గుర్తు ఇదే. దీన్ని సున్నా చేస్తున్నా. ఇప్పుడు పెట్టెని మళ్ళీ మొదటి నుంచి జాబితా రాసుకోమంటున్నా... లేచింది. వెళ్ళి తన తారీఖు దగ్గర తను కూర్చుంది చూడు. ఇక కుదించినా దీనికేం కాదు. బతికినవాటిలో కలిసిపోయింది.”

“జరుగు. నా కళ్ళద్దాలేవి?”

“నెత్తి మీద.”

“పైకి చదువుతా.”

“వద్దు, జెలిపా.”

“అప్పుడు ఆఫీసంతా విన్నది. ఇప్పుడు నువ్వొక్కడివే విను. ‘జెలిపా, నోటితో చెబితే నవ్వుతావు, అందుకే రాస్తున్నా. నన్ను పెళ్ళి చేసుకో. ఇక్కడ ఆపేసి నవ్వుతావని నాకు తెలుసు. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.’ ...అయ్యో, చిషింబా.”

“చాల్లే. మిగతాది మనసులో చదువుకో.”

“‘మా ఆవిడ పోయిన రోజు నువ్వు మా ఇంటికొచ్చి, ఆవిడ చిటెంగె గుడ్డ నడుముకి చుట్టుకుని, అచ్చం ఆవిడలాగే నడుం మీద చేతులు పెట్టుకుని, చిషింబా, బూట్లు బయట విప్పు అని అరిచావు. పోయినవాళ్ళని అనుకరించి నవ్వించడం నీ వరస, చేశావు. చావింట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు లేకపోతే నేనూ ఆ గోతిలోనే ఉండేవాణ్ణి. నువ్వు ఒక్కదానివే ఉంటున్నావు, నేనూ ఒక్కణ్ణే. మీ ఇంటి ముందు రోజూ బూట్లు విప్పాలని ఉంది. కాదంటే రేపటి నుంచి మళ్ళీ ఎలకా అనే పిలుస్తా, భయపడకు. సరేనంటే నీ షరతేంటో రాయి. ఎంత పెద్దదైనా, ఎన్నాళ్ళు పట్టినా తీరుస్తా.’”

“ఏడవకండి, మేడమ్.”

“మేడమన్నావంటే ఎలకల బోనులో పెడతా నిన్ను. ...దీనికి నేనేం రాశాను? ఒక్క ముక్క గుర్తులేదు.”

“వదిలెయ్.”

“పంపినవాటిలో ఉంటుందిగా. అవి నేను కొట్టేయను.”

“వద్దన్నానా? లుసాకా వాళ్ళు...”

“లుసాకా వాళ్ళు ఆగుతారు. ఇదిగో, అదే తారీఖు. ‘ఓయ్ కోతీ! ఎంగోనీ ఆడదాన్ని అడగాలంటే ఇరవై పశువుల్ని తోలుకుని రా, అప్పుడు మాట్లాడదాం. అయినా బెంబా వాడికి ఆవుకి తల ఎటో తోక ఎటో తెలిస్తే కదా!’ ...అంతేనా? ఆ ఉత్తరానికి ఇదేనా నేను రాసింది?”

“బాగానే ఉంది. చదివి నేనూ నవ్వాను.”

“సిగ్గుతో చచ్చిపోతున్నా. అందుకే కదూ మూడు నెలలు మేడమన్నావు? అంత కోపమొచ్చిందా?”

“కోపం కాదు. తల ఎటో తోక ఎటో నేర్చుకుంటున్నా. వేళాకోళానికి మనసు మిగల్లేదు.”

“ఏం నేర్చుకుంటున్నావు?”

“కుదించమంటావా, వద్దా? మళ్ళీ అడుగుతోంది చూడు.”

“నొక్కు. నాకిక దాచుకునేది ఏమీ లేదు. చిషింబా, ఇటు చూడు. ఏం నేర్చుకుంటున్నావంటున్నా?”

“నొక్కాను. నిమిషం ఆగు, అయిపోతుంది. ...పొద్దున ఎందుకు ఆలస్యమైందని అడిగావు కదూ?”

“ఇంటి దగ్గర పనన్నావు.”

“ఆవు ఈనింది, జెలిపా. పెయ్యదూడ. దాంతో ఇరవై.”