సెలవు చీటీ

మెదడులో ఆకలి పుట్టే చోటు తీసేసిన ఎలుక మేత ముందే ముడుచుకుని పడుకుంది. పెద్ద సైంటిస్టు తెర మీద దాని గుండె వేగం చూస్తున్నాడు. ఆయన శిష్యురాలు సెలవు చీటీ పట్టుకుని నిలబడింది.

“మా నాన్న ముద్ద ముట్టి తొమ్మిది రోజులైంది సార్. తలలో నరం చిట్లింది. సెలైన్ మీదే ఉన్నాడు.”

“మింగలేకపోతున్నాడా?”

“మింగగలడు. ఆకలే లేదంటున్నాడు.”

“ముక్కులోంచి ట్యూబు వేశారా?”

“రేపు వేస్తామన్నారు.”

“ఇంకో నాలుగు రోజులు ఆపించు.”

“ఎందుకు సార్?”

“వెతకబోయిన తీగ కాలికి తగిలితే ఎందుకంటావేంటి? ఎన్నేళ్ళని ఎలుకల్తో సరిపెట్టుకుంటాం? సెలవు ఎన్నాళ్ళైనా తీసుకో. గంటగంటకీ ఆయన గుండె వేగం రాసి పంపు.”

“ఆయన మా నాన్న సార్.”

“కాదన్నానా? పరాయిదానివైతే మంచం పక్కన కూర్చోనిస్తారా? పొద్దున ఎంతుంది?”

“నలభై ఎనిమిది. నిన్న యాభై రెండు. తిండి మానేసిన రోజున డెబ్భై.”

గడగడా అప్పజెప్పేసింది. ఇన్నాళ్ళూ తండ్రి మణికట్టు వదలకుండా కూర్చున్నది ప్రేమతోనే అని ఆ క్షణం దాకా అనుకుంది.