గోదారి దాటిన లైట్ల వైరు

"నా వైరు మీద నడిచిన మిషన్ కాలిందంటే, కొత్త మిషన్ నా నెత్తిమీద మోసుకొచ్చి ఇస్త. పదిమంది ముంగట చెప్తున్న, రాసుకోండ్రి!"

రాసుకోమన్నాడు కాబట్టి రాసుకున్నారు. మెట్‌పల్లిలో యువకులు నడుపుకునే చదువుల గది బయట గోడకు ఒక నల్లబల్ల ఉంది. దాని మీద డిగ్రీ చదివే నవీన ఈ మాటను సుద్దతో రాసి, కింద సిద్దిరాములు పేరు పెట్టింది. రాసిన గంటన్నరకే పోశం కట్టెకోత మిషన్ పొగ కక్కి ఆగిపోయింది. ఇరవై రోజులైంది. కొత్త మిషన్ రాలేదు, సుద్ద రాత చెరగలేదు. మాట ఇచ్చిన మనిషి మాత్రం రోజూ ఎదురుగా ఉన్న సత్తవ్వ చాయ్ హోటల్ బల్ల మీదే, ఆ రాతకు వీపు పెట్టి కూర్చుంటున్నాడు.

పోశం వడ్రంగి. ఆ రోజు ఆ గదికి పుస్తకాల అరలు చేసిపెట్టడానికి కూలి అడగకుండా వచ్చాడు; మిషన్‌కు వైరు సిద్దిరాములు ఇచ్చాడు. ఇప్పుడు చేతిరంపంతో రోజుకు రెండు పలకలు కోస్తున్నాడు. దున్నేవాడికే భూమి అని గోడల నిండా రాశారు గాని, కోసేవాడి మిషన్ గురించి ఏ గోడ మీదా ఒక్క అక్షరం లేదు.

ఈ రోజు అతను హోటల్‌కు వచ్చింది చాయ్ కోసం కాదు. సుదర్శన్‌రావు కొత్త ఇల్లు కడుతున్నాడు. తలుపులు, కిటికీలు, అలమార్లు కలిపి నాలుగు నెలల పని. పోశానికే ఇస్తానన్న మనిషి నిన్న వెనకాడాడు. "నీకు కరెంటు సంగతి తెల్వక మిషన్ కాలబెట్టుకున్నవట గద పోశం? సిద్దిరాములు చెప్పిండు. రేపు చాయ్ కాడ మాట్లాడుదాం."

పనిముట్టు పోగొట్టుకున్నవాడు దోషి, పోగొట్టినవాడు సాక్షి. పోశం భుజానికి పనిసంచి తగిలించుకుని, బల్ల చివర ఒదిగి కూర్చున్నాడు. సంచి అడుగున ఒక బరువు మోకాలికి తగులుతూ ఉంది.

సిద్దిరాములు పెళ్లిళ్లకు లైట్లు, మైకులు కిరాయికిస్తాడు. మైకు లేని చోట కూడా ఆ గొంతు తగ్గదు. సుదర్శన్‌రావు చేతికి గ్లాసు అందిందో లేదో మాట అందుకున్నాడు.

"వైరు సంగతి నన్నడుగుండ్రి సారూ. మనోళ్లు మిషన్ కొంటరు గని వైరు తెల్వదు. దుకాణంల లావుది ఇయ్యుమంటరు. లావుదెందుకు, బర్రెను కట్టేయనీకా? పైపు మూతికి బొటనేలు అడ్డం పెడ్తే నీళ్లు ఎంత దూరం కొడ్తయ్? వైరు గూడ గట్లనే, ఎంత సన్నగుంటే కరెంటు గంత జోరుగ ఉరుకుతది."

"నిజమే అనిపిస్తున్నది," అన్నాడు పసుపు రైతు హనుమంతు.

పోశం సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు. అబద్ధానికి ఇంత ముద్దొచ్చే పోలిక దొరికాక నిజం మాట ఎవరు వింటారు?

"పోయిన ఎండాకాలం గోదారి అవతల ఖానాపూర్ల మా బామ్మర్ది ఇంటి గోడకు నాలుగు బొక్కలు కొట్టాలె. పక్కింట్లకెల్లి గీ లైట్ల వైరే, ఎరుపు పసుపు మెలికది, పది గజాలు గుంజి డ్రిల్లు పెట్టిన. బొక్క పడ్డది."

"గంతేనా?" అంది సత్తవ్వ చాయ్ వడబోస్తూ.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? డ్రిల్లు ఆగుతలేదు! గోడ దాటింది, సందు దాటింది, అవతలింటి గోడ గూడ దాటింది. గా ఇంట్ల ముసలాయన బువ్వ తింటుండు, కంచానికి బొక్క పడి పప్పంత కారిపోయింది. గాయన తిట్టలే సారూ! 'బిడ్డా, గీ వైరు ఏ దుకాణంల కొన్నవ్?' అని అడిగిండు."

సుదర్శన్‌రావు మీసాల్లో నవ్వాడు.

"గది జూసి ఊరోళ్లు ఎగబడ్డరు. మాకు కరెంటు ఉంటలేదు, జర మీ మెట్‌పల్లికెల్లి పంపు అన్నరు. నా కాడ ఉన్నది తొంభై గజాలు. ఫికరెందుకు? సాగదీసిన! లాగిన కొద్ది సన్నబడ్డది, సన్నబడ్డ కొద్ది జోరు పెరిగింది. గోదారి కాడికొచ్చినంక పుట్టిల కూసొని, వైరును నీళ్లల్ల ఇడుసుకుంట పోయిన."

"మరి చేపలు?" అన్నాడు హనుమంతు.

"చేపలా? వేగి తేలినయ్! జనం కంచాలు పట్టుకొని ఒడ్డుకు ఉరికొచ్చిండ్రు. 'ఉప్పు జర తక్కువైంది సిద్దిరాములూ' అన్నరు. గోదారిల ఉప్పెట్ల ఉంటది, మీరే చెప్పుండ్రి సారూ?"

బల్లంతా నవ్వుతో ఊగింది. పోశం నవ్వలేదు. సుదర్శన్‌రావు నవ్విన ప్రతిసారీ నాలుగు నెలల పని ఒక అడుగు దూరం జరుగుతున్నట్టుంది.

"గంతట్ల ఆగిందా? ఆదిలాబాద్ జిన్నింగు మిల్లోళ్లు ఫోన్ జేసిండ్రు. గక్కడిదాక సాగదీసినంక వైరు వెంట్రుకంతయింది, కండ్లకు కానొస్తలేదు. పన్నెండు మిషన్లు ఒక్క ప్లగ్గుకు పెట్టి స్విచ్చేసిన. ఇటుదిక్కు పత్తి పోస్తే అటుదిక్కు అంగీలు వచ్చినయ్ సారూ, గుండీలు కుట్టి, ఇస్త్రీ జేసి! మహారాష్ట్ర సేటు 'కాయ్ ఝాలా, ఏమైందిది' అనుకుంట ఒకటి తొడుక్కున్నడు. కొలతంటే కొలతే!" సిద్దిరాములు గ్లాసు దించి, పోశం వైపు వేలు చూపాడు. "గసొంటి వైరు ఈయన చేతికిస్తే మిషన్ కాలబెట్టుకున్నడు. ఇరవై దినాలైంది, నా వైరు గూడ తెచ్చియ్యలే!"

నవ్వు ఆగింది. అందరి కళ్లూ పోశం మీద పడ్డాయి.

"ఏమంటవ్ పోశం?" అన్నాడు సుదర్శన్‌రావు. "తప్పు నీదేనా?"

పోశం అతన్ని వదిలి రైతు వైపు తిరిగాడు.

"హనుమంతన్నా, బోరు కాడ నీ పెద్ద పైపు తీసేసి, దవాఖానల సెలైన్ పెట్టే పైపుతోని పసుపు చేను చివరిదాక నీళ్లు పారిస్తవా?"

"నేనేమన్న పిచ్చోన్నా? చివరి మడికి చుక్క రాదు."

"బొటనేలు మూతి కాడ పెడ్తరు. పైపంత బొటనేలే అయితే?"

హనుమంతు తన బొటనవేలు చూసుకుని, తర్వాత సిద్దిరాములు వైపు చూశాడు.

"మిషన్‌కు గూడ గంతే. దూరం పెరిగితే లావు పెరగాలె. సన్నటి వైరుల కరెంటు సగం తొవ్వలనే సచ్చిపోతది, మోటరు గుంజలేక గుంజలేక కాల్తది."

"పోలికలు ఎవడన్న చెప్తడు!" సిద్దిరాములు గొంతు పెంచాడు. "నా వైరేదిరా అంటే బోరు కథ చెప్తుండు!"

"తెచ్చిన." పోశం సంచిలో చేయి పెట్టి, ఆ బరువును తీసి బల్ల మీద పెట్టాడు. కట్టె చక్రానికి చుట్టిన వైరు. ఎరుపూ పసుపూ కరిగి, ఒకదానిలో ఒకటి కలిసి, పాకం చల్లారిన బెల్లం ముద్దలా ఉంది. "విప్పితే చిక్కుపడ్తది, చుట్ట మీదనే ఉండనియ్యి, చివర మూరెడు చాలు అని మీరే అన్నరు. లోపల్లోపల్నే ఉడికింది. గోదారి దాటింది గిదేనా అన్నా?"

సత్తవ్వ వంగి, ముద్దను వేలితో పొడిచి చూసింది. "చేపల సంగతేమో గని, గిదైతే మంచిగ వేగింది."

బల్ల మళ్లీ ఊగింది. ఈసారి సిద్దిరాములు నవ్వలేదు. గొంతు చిన్నది చేసుకున్నాడు. "సరే, పొరపాటైంది. లైట్లోన్ని, ఏ మిషన్‌కు ఏ వైరో నాకెట్ల ఎరికైతది?"

ఇరవై రోజులుగా పోశం దిగమింగుకున్నది ఈ మాట దగ్గరే బయటికి వచ్చింది.

"ఎరికలేదా? దసరాకు ముంగట మీ ఇంట్ల పూజగది తలుపులు జేసినప్పుడు ఇదే మిషన్‌కు ఏ వైరిచ్చిండ్రు? నల్లది. వేలంత లావు, మూడు పిన్నులది, పదిహేను గజాలే. నా పక్కన నిలవడి మరీ చెప్పిండ్రు: 'మొత్తం విప్పు పోశం, చుట్ట ఉంచకు, నా ఇల్లు కాల్తది' అని."

 స్టవ్ మీద పాలు పొంగుతుంటే సత్తవ్వ చూసుకోలేదు.

"మీ ఇంటికి నల్లవైరు, పదిమంది పిల్లలు చదువుకునే గదికి లైట్ల వైరా?"

"అది... గా దినం నల్లవైరు పెండ్లికి కిరాయికి పోయిండె..." అన్న తర్వాత సిద్దిరాములుకు తెలిసింది, తానేం ఒప్పుకున్నాడో.

సుదర్శన్‌రావు గ్లాసు కింద పెట్టాడు. "పోశం, మా మీటరు కాడికెల్లి వెనక రేకుల షెడ్డు దాక ఎంత వైరు పడ్తది?"

"ఇరవై గజాలు సారూ. లావుది, ఎర్తింగు ఉన్నది. తొవ్వకు అడ్డం రాకుంట గోడ పొంటి తీస్కపోవాలె."

"తెప్పిచ్చి పెడ్త. సోమవారం పని మొదలువెట్టు."

"మిషన్?"

సుదర్శన్‌రావు సిద్దిరాములు వైపు చూశాడు. సిద్దిరాములు బెల్లం ముద్ద వైపు చూశాడు.

పోశం లేచి రోడ్డు దాటాడు. నల్లబల్ల కింది అంచున సుద్దముక్క ఉంది. హోటల్ బల్ల మీదివాళ్లంతా అటు తిరిగారు; ఇరవై రోజుల్లో మొదటిసారి సిద్దిరాములు కూడా తిరిగాడు. పోశం నిదానంగా, చెక్క మీద గీత గీసినంత జాగ్రత్తగా, ఆ పాత మాట కిందనే రాశాడు:

మిషన్ ఎప్పుడు తెస్తరు? నెత్తిమీద మోసుకొనే రావాలె. జవాబుకు ఆఖరు గడువు: మార్చి ఇరవై రెండు, ఆదివారం, పొద్దుగూకెలోపల.