వెయ్యి మీటర్ల పైన

ఇన్స్‌బ్రుక్ స్టేషన్లో, యాత్రికులకు దారి చెప్పే కౌంటర్ వెనక ఒక కుర్రాడు. ఎదురుగా పొద్దుటి రైలు దిగిన పెద్దావిడ.

"సాయంత్రం మళ్ళీ లింజ్ రైలెక్కాలండీ. ఈలోపు ఏం చూడొచ్చు?"

"పాత ఊళ్ళో బంగారు పైకప్పు మేడ చూడండి. తర్వాత రాజభవనం."

"అవన్నీ మా ఆయన ఆలోయిస్‌తో ఎప్పుడో చూశాను. కొండ మీదికి కేబుల్ కారు ఎప్పుడుందో చెప్పండి, చాలు."

"అంత పైకి ఒక్కరే ఎందుకండీ, ఈ చలిలో?"

"అక్కడ నలుగురితో పాటు బల్ల దగ్గర కూర్చుని సూప్ తాగుతాను."

"సూప్ ఇక్కడా దొరుకుతుంది. ఇంకా వేడిగా ఉంటుంది కూడా."

"ఇక్కడ అందరూ నన్ను 'మీరు' అంటారు."

"పెద్దవారు, అనరా మరి?"

"వెయ్యి మీటర్ల ఎత్తు దాటితే మన కొండల్లో మీరూ గీరూ ఉండవు కదా. మంత్రి వచ్చినా గొర్రెలకాపరి వచ్చినా నువ్వే. ఆలోయిస్ పోయాక నన్ను నువ్వు అన్నవాళ్ళు లేరు. డాక్టరు, పోస్టుమాన్, పక్కింటివాళ్ళు, అందరూ మర్యాదస్తులే."

కుర్రాడు కంప్యూటర్ వైపు చూశాడు.

"పైన గాలి ఎక్కువగా ఉందటండీ. ఇవాళ కేబుల్ కారు ఆపేశారు."

"రోజంతానా?"

"రోజంతా."

"అలాగా. అయితే మీ బంగారు పైకప్పు మేడకే దారి చెప్పండి."

అతను కంప్యూటర్ వదిలి ఆవిడ వైపు తిరిగాడు.

"బయటికెళ్ళి ట్రాము పట్టాల వెంటే నడు. రాళ్ళు తడిగా ఉంటాయి, మెల్లిగా వెళ్ళు. ఆ మెడకి శాలువా సరిగ్గా చుట్టుకో."

ఆవిడ కదల్లేదు.

"సరిగ్గా వినపడలేదు," అంది. "ఇంకోసారి చెప్పు."