కలిపి పంచుకున్న తూటాలు

"నా తమ్ముడు మునీంద్ర చెడిపోయిన రైఫిలు నాకు అంటగట్టి, మంచిది వాడు ఉంచుకున్నాడన్నా."

నగర్తపేట సందులో తుపాకులు బాగుచేసే ముసలాయన బోల్టు వెనక్కి లాగి, లోపలికి టార్చి వేసి చూశాడు. చెడిపోయిందన్న ఒక్క మాట ఆయన నోట వినాలనే, తెచ్చినతను కళ్ళప్పగించి నిలబడ్డాడు.

"ఎప్పుడూ మొరాయిస్తాదా?"

"ఒకోసారి బోల్టు మెత్తగా మూసుకుంటాది, ఒకోసారి ఎంత నెట్టినా మూసుకోదు. పందులు చేలో దిగినప్పుడే మొండికేస్తాది."

"పందులతో మాట్లాడుకున్నట్టుండాదే! తూటాలు ఎవరివి?"

"మా నాయన చేత్తో నింపినవి. కాలిన ఇత్తడి గొట్టాలే మళ్ళీ నింపేవాడు."

"రెండు రైఫిళ్ళకీ ఒకే డబ్బానా?"

"వేరేవేరే. భాగాలప్పుడు అన్నీ కుప్పపోసి సగం సగం పంచినాము. మునీంద్ర వద్దన్నాడు, నేనే వినలేదు. వాని డబ్బాలో ఎక్కువ ఉండాయి కదా!"

"అదేనప్పా రోగం. ఏ రైఫిల్లో కాలిన గొట్టం దాని కొలతకే ఉబ్బుతాది, ఇంకోదాంట్లో పట్టదు. నీ దగ్గర వానివి కలిసిండాయి, వాని దగ్గర నీవి. రైఫిలు బంగారంలా ఉండాది."

"చెడిపోయిందని రాసియ్యన్నా. కోర్టులో చూపించాల."

"కోర్టా? దీనికా? లాయరు ఫీజుకి డబ్బులు యాడివప్పా?"

అతను రైఫిలు గుడ్డలో చుట్టుకున్నాడు.

"బావి పక్క మడి అమ్మేసినాను. పద్నాలుగు గుంటలు."