ఒకరికి వాన, ఒకరికి ఎండ

హేనాం దగ్గరి పల్లెలో ఆదివారం ఆరాధన ముగిసేసరికి చినుకులు మొదలయ్యాయి. చర్చి వాకిట్లో ఆరబోసుకున్న ఎర్ర మిరపకాయలను బున్‌రే గాభరాగా చాపతో సహా చుడుతోంది. పక్కింటి మల్‌సూన్ పరుగున వచ్చి చాప రెండో కొస పట్టుకుంది.

“అక్కా, నిజం చెప్పు. వాన కావాలని దేవుణ్ణి అడిగింది నువ్వేగా?” అంది బున్‌రే.

“క్యాబేజీ నారు వాడిపోతుంటే అడగనా మరి? మూడు రోజులు ఉపవాసం కూడా ఉన్నా.”

“నేనేమో వారం నుంచి ఎండ కావాలని అడుగుతున్నా. ఆయనకి నీ మాటే వినబడిందన్నమాట!”

“నేను గట్టిగా అడుగుతాను. నువ్వు గొణుగుతావు.”

“వెటకారాలు చాలు. ఇవి బూజు పడితే చలికాలం కిమ్చీ పచ్చడికి కారం ఎక్కణ్ణుంచి తేను? ఆయన నమ్మదగినవాడని ఇప్పుడేగా గొంతెత్తి పాడాను. మరి నా సంగతేంటి?”

“ఎండ రాకపోతేనేం, నేనొచ్చాను కదే. మా గది నేల కింద పొయ్యి రాజేసి వచ్చా, ఈపాటికి నేలంతా వేడెక్కి ఉంటుంది. అక్కడ పరిచేద్దాం, రెండు రోజుల్లో గలగలలాడతాయి.”

బున్‌రే చేతులు ఆగిపోయాయి.

“ఎప్పుడు రాజేశావు?”

“పాస్టరుగారు ప్రసంగం ఎత్తుకోగానే కిటికీలోంచి మబ్బు కనబడింది. లేచి వెళ్ళిపోయా.”

“ప్రసంగం ఎగ్గొట్టావా!”

“వాన అడిగింది నేనాయె. నీ మిరపకాయలు కళ్ళముందు మెదులుతుంటే ఎలా కూర్చోను?”

బున్‌రే ముక్కు ఎగబీల్చింది. మిరప ఘాటేనని తనకు తాను చెప్పుకుంది.

“మరి నీ గదినిండా ఇవే అయితే, నువ్వెక్కడ పడుకుంటావు?”

“మీ ఇంట్లో.”

“దేవుడా! నీ గురకకి నాకు కునుకైనా పడుతుందా?”

“నమ్ముకోవే. నిద్ర ఇచ్చేదీ ఆయనే.”