డమ్మీ క్యాండిడేటు

నామినేషన్లు వాపసు తీసుకునే ఆఖరి రోజు. ఆఫీసు గేటు ముంగట ఆగిన కారులో మాజీ సర్పంచు విజేందర్ రెడ్డి, ఆయన భార్య అరుణమ్మ. మూడింటికి గేటు మూస్తారు. ఇంకా ఇరవై నిమిషాలుంది.

“పెట్టరాదు అరుణా సంతకం. అవతల విలేకర్లు ఎదురుసూస్తుండ్రు.”

“సదవనియ్యి. సదవకుండ సంతకం పెట్టే నామినేషన్ ఏసిన, సాలదా?”

“అది డమ్మీ నామినేషనే. నాది కొట్టేస్తే నీదన్న ఉంటదని ఏపిచ్చిన. నాది ఓకే అయింది, ఇగ నీది వాపసు. గంతే.”

“ఇరవై రెండేండ్ల సంది డమ్మీనే, కొత్తేం కాదు. మరి గీ రెండో కాగితమేంది?”

“విలేకర్ల ముంగట సదివేది. ‘నా భర్త మీద భాగ్యశ్రీ ఏసిన నింద అబద్ధం, ఆమె పోటీల ఉన్న సైదులు పంపిన మనిషి.’ రెండు ముక్కలే.”

“ముక్కలు అతకాలె కద. పొద్దుగాల మైకుల ఆమె నాకు చెల్లె లెక్క అన్నవ్.”

“అన్న.”

“పగటీలి ఆమె నడత మంచిది కాదని వాట్సాపుల పెట్టిచ్చినవ్. పొద్దుగాల చెల్లె, పగటీలికి చెల్లని నోటు.”

“ప్రచారమంటే గట్లనే…”

“ప్రచారం కాదు, నీ గ్రహచారం.”

“నీకు నవ్వులాటగుంది. పోస్టర్లు కొట్టిచ్చిన తెలుసా? నువ్వు తప్పుకుంటే మిగిలేది నేను, సైదులు. అక్షరాల వరుసల నా పేరే ముంగట. మొదటి పేరుకిచ్చే గుర్తు ఉంగరం, నాకే. పెట్టు జల్ది.”

“భాగ్యశ్రీ అంగన్‌వాడి ఆయా. అప్పుడు నువ్వు సర్పంచువని హాజరు కాగితం మీద సంతకానికొచ్చింది. పంచాయతి ఆఫీసుల పెట్టక బాయికాడికి ఎందుకు రమ్మన్నవ్?”

“ఆడ పనుండె.”

“ఏం పని?”

“మోటరు కాలింది.”

“కాలింది మోటరా, జారింది చెయ్యా?”

“ఇదంత సైదులు ఎగదోసుడే. ఓట్ల కోసం ఆడపిల్లను ముంగట పెట్టిండు.”

“సైదులు నామినేషన్ ఏసింది మొన్న. ఆ పిల్ల నా ముంగట ఏడ్సింది పోయిన ఎండకాలం.”

“నీ ముంగటనా?”

“మన వంటింట్ల. చెయ్యి పట్టి గుంజిండక్కా అన్నది. నేనేం జేసిన? చాయ్ పోసి ఇచ్చి, బయట చెప్పకు, నీ కొలువు పోతదన్న. ఇల్లు కాపాడుకున్న అనుకున్న. ఆమె తాగకుండ పెట్టిపోయిన ఆ చాయ్ గిలాస ఇంకా నా కండ్లల్ల ఉన్నది.”

“నాకెందుకు చెప్పలే?”

“నువ్వెందుకు చెప్పలే?”

“పది నిమిషాలే ఉన్నది అరుణా.”

“నిజం చెప్పు. తర్వాత సంతకం ముచ్చట.”

“ఏం నిజం? జర నవ్విన.”

“నవ్వితే ఏడుస్తదా?”

“భుజం తట్టిన. పెద్దమనిషి లెక్క.”

“పెద్దమనిషి భుజం తడితే చేతి గాజులెట్ల పలిగినయ్?”

“గాజుల సంగతి నీకెవలు చెప్పిండ్రు?”

“ఎవలు చెప్పాలె? మణికట్టు సూపిచ్చింది.”





“ఔ, పట్టుకున్న. ఒక్కపారే. గుంజుకొని ఉరికింది. ఏం కాలే. సాలా? ఇగ పెట్టు, మూడు నిమిషాలున్నది.”

“ఏం కాలేదా.”

“కాలే. దండం పెడుత, పెట్టు.”

“ఒక్క సంతకం కోసం ఆ పిల్లను బాయికాడ ఎంతసేపు నిలబెట్టినవ్?”

“గదిప్పుడెందుకు? గంటో, గంటన్నరో.”

“నువ్వు మూడు నిమిషాలు నిలబడలేవా?”

“అరుణా, పెన్ను బయటికెందుకు పారేసినవ్? గేటేస్తుండ్రు, చెప్పేది ఇను. నువ్వు వాపసు తీసుకోకుంటే ఏమైతదో ఎరుకేనా నీకు?”

“ఎరుకే. నీ కాగితం నీ కాడనే పెట్టుకో, నేను విలేకర్ల కాడికి పోయి వంటింట్ల విన్నది చెప్పొస్త. డోరు తియ్యి.”

“నా పోస్టర్లు…”

“వాటికి ఫికర్ చెయ్యకు. వరుసల నా పేరే ముంగట, ఉంగరం నాకొస్తది. పోస్టర్ల మీద అది గట్లనే ఉండనియ్యి, నీ ఫొటో ఒక్కటి కోసేసి నాది అతికియ్యి. రెండో గుర్తు కత్తెర, అది ఎట్లాగు నీదేనాయె.”